తోడేలు నుంచి కుక్క: పరిణామ యోగ్యత
(పశువైద్య పట్టభద్రుల స్నాతకోత్సవ ప్రసంగం)

కుక్కలు తోడేళ్ల సంతతి. అయితే ఇప్పటి బూడిదరంగు తోడేలు వాటికి తాత కాదు, దాయాది మాత్రమే. రెంటికీ మూలమైన పాత తోడేళ్లు ఏనాడో అంతరించాయి. ఈ చీలిక వ్యవసాయం ఇంకా పుట్టకముందే, కనీసం 15 వేల ఏళ్ల కిందటే జరిగిపోయింది.

1914లో జర్మనీలోని బాన్ దగ్గర, ఒబర్‌కాసెల్ రాతి గనిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉన్న సమాధి బయటపడింది. వారితోపాటు సుమారు 14 వేల ఏళ్ల నాటి కుక్కపిల్ల ఎముకలూ దొరికాయి. ఏడు నెలల వయసులో చనిపోయిన ఆ పిల్ల పళ్ల మీది గీతలను బట్టి దానికి డిస్టెంపర్ సోకిందని పరిశోధకులు తేల్చారు. ఆ జబ్బుతో అది వారాల తరబడి బతికిందంటే ఎవరో తినిపించి, తాగించి సాకినట్టే. వేటకు అక్కరకురాని రోగిష్టి పిల్లకు అంత చాకిరీ చేశారు!

తోడేలు మచ్చిక కావడానికి రెండు దారులు చెబుతారు. మనుషుల మకాంల దగ్గర ఎముకలకు, మిగుళ్లకు మరిగిన తోడేళ్లలో బెదురు తక్కువున్నవి ఎక్కువ తిని, ఎక్కువ పిల్లలను పెంచుకోగలిగాయన్నది ఒకటి. మనుషులే కూనలను తెచ్చి పెంచారన్నది రెండోది. ఏ దారైనా నెగ్గిన గుణం ఒక్కటే, మనిషిని చూసి జడవకపోవడం. 1959లో సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రీ బెల్యాయెవ్ సైబీరియాలో వెండినక్కల మీద ఈ గుణాన్నే పరీక్షించాడు. ప్రతి తరంలోనూ సాధువైనవాటినే జోడు కట్టించగా కొన్ని తరాలకే తోకాడించే నక్కలు పుట్టాయి. చెవులు వాలడం, ఒంటి మీద మచ్చలు రావడం కూడా కనిపించాయి. కాకపోతే ఆ నక్కలు అప్పటికే బొచ్చు కోసం నడిపే ఫారాల్లో పెరిగినవి కాబట్టి, ఈ మార్పులన్నీ ప్రయోగం పుణ్యమే అనలేం.

తరువాత కుక్కల తిండీ మారింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువుకు తోడేలులో సాధారణంగా రెండు ప్రతులే ఉంటే, చాలా కుక్కల్లో అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. గంజీ అన్నంతో గడిపే మన ఊరకుక్క ఆ మార్పుకు వారసురాలే.

పరిణామ యోగ్యత అంటే కండబలం కాదు. ఉన్న పరిసరాల్లో ఒక జీవి తన తరువాత ఎంత సంతానాన్ని నిలపగలిగిందన్నదే దానికి కొలమానం. ఒంటరి పోరులో ఏ ఊరకుక్కా తోడేలుకు చాలదు. అయినా ప్రపంచంలో తోడేళ్లు లక్షల్లో ఉంటే కుక్కలు కోట్లలో ఉన్నాయి. పరిసరాలు మారితే లెక్కా మారుతుంది. మనిషి ముచ్చటపడి పెంచిన బుల్‌డాగ్‌కు తల పెద్దది, తల్లి కటి ఇరుకు, అందుకే ఎక్కువ ఈతలు సిజేరియన్‌తోనే జరుగుతాయి. ఇవాళ పట్టాలు అందుకుంటున్న పశువైద్యుల కత్తి కూడా ఆ జాతి పరిసరాల్లో ఒక భాగమే. జోడు తామే వెతుక్కుని, ఏ అరుగు కిందో ఈని, చెత్తకుప్పల దగ్గర పిల్లలను పెంచుకునే వీధికుక్కల్లో అంత పెద్ద తల నిలవడం కష్టం.