మా పశువుల కొట్టములో విమానము

(ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



లక్కూరులో పశువుల కొట్టమున విమానము కట్టినవాడినని నన్ను ఈ వేదిక మీదికి పిలిచినారు. మొదటనే ఒక మాట విన్నవించుకొంటాను. అది ఎగిరే విమానము కాదు, నేల విడిచి జానెడు కూడా పోదు. ఒక పాత కారు సీటు, ఎదుట మూడు కంప్యూటరు తెరలు, సీటు అడుగున రెండు మోటార్లు, అంతే. తెరమీది విమానము ఎడమకు వాలితే సీటు ఎడమకు వాలుతుంది, ముక్కు పైకెత్తితే సీటు వెనుకకు ఒరుగుతుంది. దీనినే మోషన్ సిమ్యులేటరు అంటారు.

కూర్చున్న చోటనే ఉన్నవానికి ఆకాశములో పోతున్నట్లు తోచుట ఎట్లా? దీనికి జవాబు నేను పుస్తకములో చదువుటకు ముందే మా పెదనాన్నగారి నోట విన్నాను. ఆయన కోలారు బంగారు గనులలో చాంపియన్ రీఫ్‌లో పనిచేసినారు. 2001 ఫిబ్రవరి 28న మూతబడిన ఆ గనుల లోతు 3 కిలోమీటర్లకు మించినది. కేజీలో దిగేటప్పుడు మొదట కడుపులో ఖాళీ అయినట్లు ఉండునట. తరువాత చీకటిలో కదలకుండా నిలిచినట్లే ఉండునట. అడుగు సమీపించి వేగము తగ్గించగానే, దిగుతున్న కేజీ పైకి పోతున్నదని కొత్తవారు గట్టిగా వాదించేవారట. వారిది అబద్ధము కాదు, వారి చెవి అట్లా చెప్పినది. మన లోపలి చెవిలోని అవయవములు వేగమును తెలుసుకొనలేవు, వేగములోని మార్పును మాత్రమే తెలుసుకొనగలవు. సిమ్యులేటరు అనే యంత్రము బ్రతికేదంతా ఈ ఒక్క లోపము మీదనే.

ఇంకొక కిటుకు ఉన్నది. విమానము రన్‌వే మీద వేగము పుంజుకొనునప్పుడు వీపు సీటుకు అదుముకొంటుంది. కొట్టములో అంత దూరము పరుగెత్తుట సాధ్యమా? అందుచేత సీటును చెవికి పట్టుబడనంత మెల్లగా, అనగా సెకనుకు 3 డిగ్రీలకు మించకుండా, వెనుకకు వంచుతాము. 12 డిగ్రీలు వంచితే మన బరువులో ఇంచుమించు అయిదవ వంతు వీపు మీద పడుతుంది. కన్ను తెరమీద పరుగును చూస్తుంది, వీపు భూమ్యాకర్షణను మోస్తుంది, మనస్సు రెండింటిని కలిపి వేగమని నమ్ముతుంది. వంచనయే, కాని శాస్త్రసమ్మతమైన వంచన.

ఈ విద్యకు ఆద్యుడు అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు. తండ్రికి బింగ్‌హామ్‌టన్ పట్టణములో పియానోలు, ఆర్గన్లు చేసే కార్ఖానా ఉండినది. 1920లో ఆ కుర్రవాడు 50 డాలర్లు చెల్లించి విమానపాఠమునకు పోతే, బోధకుడు గంటసేపు పల్టీలు కొట్టించి దింపినాడే గాని పిడిని ముట్టుకొననీయలేదు. నేల మీదనే నేర్చుకొనే ఉపాయము లేదా అని లింక్ యోచించినాడు. 1927 నుండి సుమారు 18 నెలలు తండ్రి కార్ఖానా నేలమాళిగలో శ్రమించి, ఆర్గన్ తిత్తుల మీద ఒక చిన్న పెట్టెను నిలిపినాడు. మన ఊళ్ళలో పౌరాణిక నాటకములకు హార్మోనియం వాయించేవారిని చూసి ఉంటారు గదా! ఆ తిత్తి వంటిదే. ఒక వైపు తిత్తి ముడుచుకొంటే పెట్టె అటు వాలుతుంది. 1929లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. మొదట కొన్నది వైమానిక దళము కాదు, వినోదోద్యానముల వారు! 1934లో అమెరికా సైన్యము తపాలా విమానములు నడపవలసి వచ్చి, పొగమంచులో, చీకటిలో పలువురు పైలట్లను పోగొట్టుకొన్న తరువాత గాని ఆ ఆటవస్తువు విలువ తెలియలేదు. ఆ ఏటనే 6 యంత్రములు కొన్నారు. రెండవ ప్రపంచయుద్ధకాలములో 10,000కు పైగా తయారైనవి. నేటి పెద్ద సిమ్యులేటర్లు ఆరు కాళ్ళ మీద నిలిచి ఆరు విధముల కదులుతవి. నాది రెండే విధములు.

నా నిర్మాణమును గురించి దాచవలసినది లేదు. సీటు, లారీ వైపరు మోటార్లు రెండు మాలూరు గుజిరి అంగడిలో దొరికినవి. సీటు నడుమ నిలిచే కీలునకు జీపు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు సరిపోయినది. మోటారు చేయి ఎంత తిరిగినదో చెప్పుటకు పొటెన్షియోమీటరు, అనగా పాత రేడియోలో శబ్దము పెంచే తిరుగుడు బిళ్ళ వంటిది. ఆర్డుయినో అనే అరచేతి పలక, చేయి ఉండవలసిన చోటును ఉన్న చోటుతో పోల్చి, తేడాను బట్టి మోటారును తిప్పుతుంది. మా అన్నగారి కుమారుడు, ఈ పాఠశాల విద్యార్థియే, ప్రోగ్రాము వ్రాసినాడు. ఇనుము పని నాది.

ఇప్పుడు చెప్పబోవునది చెప్పుటకు నాకు ఇష్టము లేదు, కాని దానిని విడిచిపెడితే ఈ ప్రసంగము అబద్ధమవుతుంది.

బెంగళూరులో ఒక కార్ఖానాలో 28 సంవత్సరములు పనిచేసి, కదిలే యంత్రములో చేయి పెట్టరాదని ఎందరికో చెప్పినవాడిని. ఒక సాయంకాలము నేను సీటులో ఉండగా, బాలుడు పక్కన వంగి కడ్డీ చూస్తున్నాడు. పొటెన్షియోమీటరు తీగ అతుకు ఊడినది. పలకకు సున్న అందినది. చేయి అట్టడుగున ఉన్నదని అది తలచి, సరిచేయుటకై మోటారును పూర్తి బలముతో తిప్పినది. చేయి చట్రమును తాకినది, నడుమ వాని చూపుడువ్రేలు. స్విచ్చి తలుపు దగ్గర గోడకు ఉన్నది. దూకి ఆపినాను, అయినా వ్రేలు రాలేదు. వైపరు మోటారులోని వర్మ్ గేరు విద్యుత్తు లేకున్నా చేతితో వెనుకకు తిరగదు. నాకు తెలియని సంగతి కాదు. 13 నంబరు స్పానరు వెదకి కడ్డీ నట్టు విప్పేదాకా వాడు అరవలేదు, పెదవి కొరుక్కొని నన్నే చూసినాడు.

ఎముక అతికినది. కాని వ్రేలు నేటికీ పూర్తిగా ముడవదు.

మా వదిన కొట్టమునకు తాళము వేసినారు. “ఏమప్పా, పరులకు చెప్పే బుద్ధి ఇంట్లో పనికిరాదా?” అన్న ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆరు నెలలు తాళము తీయలేదు. ఆ ఆరు నెలలు నేను, బాలుడు వాకిట కూర్చుండి కాగితము మీద పనిచేసినాము. కూర్చున్నవాని చేతికి ఒకటి, చూసేవాని చేతికి ఒకటి ఎర్ర మీటలు పెట్టుటకు నిశ్చయించినాము. అవి ప్రోగ్రాముతో సంబంధము లేకుండా మోటారు విద్యుత్తునే తెంచవలెను. పొటెన్షియోమీటరు కొలత హద్దు దాటినా, ఒక్కసారిగా ఎగిరినా పలక మోటారును ఆపవలెను. చేయి హద్దు మీరకుండా రబ్బరు దిమ్మెలు, చుట్టూ ఇనుప జల్లెడ, నేల మీద సున్నపు గీత. గీత లోపల మనిషి ఉండగా కరెంటు వేయరాదు. స్పానరు గోడకు కాదు, చట్రమునకే గొలుసుతో కట్టినాము.

వదిన వచ్చి, సీటు కదులుతుండగా తామే ఎర్ర మీటను మూడు మార్లు నొక్కి చూసి, తరువాతనే సరే అన్నారు. తాళపుచెవి మాత్రము ఇప్పటికీ వారి కొంగుననే ఉన్నది.

దీనిమీద కూర్చున్నంత మాత్రమున ఎవరూ పైలటు కారు. చూపునకు, కదలికకు లిప్తపాటు తేడా వచ్చినా కొందరికి వాంతి అవుతుంది. మా అన్నగారికి అయినది. అయినను చూడగోరిన విద్యార్థులు ఆదివారము ఉదయము మా యింటికి రావచ్చును, ఇద్దరిద్దరుగా. ఎర్ర మీట మా అన్నగారి కుమారుని చేతిలో ఉంటుంది. అతడు ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చున్నాడు, సందేహములుంటే నన్ను కాదు, అతడిని అడగండి. పొట్ట నిండా తిని మాత్రము రావద్దు.