గ్రాంటు అడిగే ముందు

మన పఠనాలయం అద్దె బాకీ పడింది, ఏదైనా కంపెనీ గ్రాంటు తెద్దామంటున్నారు. మంచిదే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం 5 కోట్లు, అంతకు మించి నికర లాభమున్న కంపెనీ మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సేవాకార్యాలకు ఖర్చు చేయాలి. ప్రజా గ్రంథాలయాలూ ఆ జాబితాలో ఉన్నాయి. అయితే సొమ్ము అందుకునే సొసైటీకి 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, అటువంటి పనిలో మూడేళ్ళ అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి సి.ఎస్.ఆర్.-1 ఫారం కూడా దాఖలు చేయాలి. మనకు అనుభవం ఉంది, కాగితాలు లేవు. ఈ ఏడాది కంపెనీల గుమ్మాలు ఎక్కడం దండగ. (ఉద్యోగమంతా కొర్రీలు రాసినవాణ్ణి, నమ్మండి.) ముందు లెక్కలు ఆడిట్ చేయించి దరఖాస్తులు పెడదాం. అంతవరకు అద్దెకు తలా నెలకు 20 రూపాయలు వేసుకుందామని నా ప్రతిపాదన. ఆడిటరు ఫీజుకు నా వంతు 500 కోశాధికారిగారికి ఇప్పుడే ఇస్తున్నాను.