కాంతి చెదిరే కోణం, కణం కొలత

రంగు వేయని కణం సూక్ష్మదర్శిని కింద ఉందా లేదా అన్నట్టుంటుంది. దానిలో ఎక్కువ భాగం నీరే. నీటి వక్రీభవన గుణకం 1.33 అయితే కణద్రవ్యానిది ఇంచుమించు 1.36 నుంచి 1.38. ఆ కాస్త తేడా చాలు, కణం మీద పడిన కాంతి నలుదిక్కులా చెదరడానికి. ఇదే పరిక్షేపణం. రామన్ ఫలితం సంగతి వేరు: అక్కడ తరంగదైర్ఘ్యం మారుతుంది, ఇక్కడ అది మారదు.

తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్న రేణువులకు రేలీ 1871లో చెప్పిన సూత్రం సరిపోతుంది. కణాలు అంత చిన్నవి కావు. కాంతి తరంగం అర మైక్రాన్, తెల్లకణం ఇంచుమించు పది మైక్రాన్లు. ఆ స్థాయి గోళాలకు లెక్క కట్టినవాడు గుస్తావ్ మీ, 1908లో. రేణువు పెద్దదైతే చెదిరిన కాంతిలో అధికభాగం ముందుకే పోతుంది. పెంకుటింటి కప్పు సందులోంచి పడే ఎండలో, వెలుగుకు ఎదురుగా నిలబడితేనే దుమ్ము తళతళలాడేది అందుకే.

ఫ్లో సైటోమీటర్‌లో కణాలు సన్నని ధారలో ఒకదాని వెనుక ఒకటిగా లేజర్‌ను దాటుతాయి. ముందువైపు చిన్న కోణాల్లో చెదిరిన కాంతిని ఒక గ్రాహకం, 90 డిగ్రీల పక్కకు చెదిరినదాన్ని మరొకటి పట్టుకుంటాయి. మొదటిది ప్రధానంగా పరిమాణాన్ని, రెండోది లోపలి రేణువుల ఒత్తును చెబుతుంది. లింఫోసైట్లు, మోనోసైట్లు, గ్రాన్యులోసైట్లు అనే తెల్లకణాలు రంగు లేకుండానే వేరు పడేది ఇలాగే.

అయితే ముందువైపు సంకేతాన్నే ‘పరిమాణం’ అనేయడం ప్రయోగశాలల్లో పాతుకుపోయిన అలవాటు, అంత మంచిది కాదు. పొర చిట్లి లోపలి సరుకు కారిపోయిన మృతకణం చిన్నది కాకపోయినా సంకేతం పడిపోతుంది, వక్రీభవన గుణకం తగ్గడం వల్ల.

ఎర్రకణంతో తంటా ఇంకోటి. అది రెండువైపులా నొక్కుకుపోయిన బిళ్ళ. అడ్డంగా వస్తే ఒక సంకేతం, నిలువుగా వస్తే మరొకటి. 1980లలో దీనికి ఉపాయం దొరికింది: ఘనపరిమాణం మారకుండా రసాయనంతో కణాన్ని గోళంగా మార్చడం. గోళమైతే గుస్తావ్ మీ సిద్ధాంతం నేరుగా వర్తిస్తుంది. 2–3 డిగ్రీల దగ్గర ఒకటి, 5–15 డిగ్రీల మధ్య ఒకటి, ఈ రెండు కొలతలు కలిపితే ఒక్కో కణం ఘనపరిమాణం, అందులోని హిమోగ్లోబిన్ గాఢత విడివిడిగా తేలతాయి. ఇనుము లోపంలో హిమోగ్లోబిన్ పలచబడిన కణాలు, తలసీమియా వాహకుల్లో చిన్న కణాలు ఎక్కువ పాలు ఉంటాయి కనుక ఈ విడదీత పనికొస్తుంది.

ధ్రువణం, అంటే కాంతి తరంగం ఒకే దిశలో కంపించడం, మరో ఆధారం. ఇసినోఫిల్ రేణువులు పక్కకు చెదిరిన కాంతి ధ్రువణాన్ని చెదరగొడతాయి. మిగతా తెల్లకణాలు అంతగా చేయవు. మలేరియా పరాన్నజీవి మిగిల్చే హిమోజోయిన్ స్ఫటికాలదీ అదే గుణం. వాటిని మింగిన తెల్లకణాలు మామూలు రక్తపరీక్ష యంత్రంలోనే బయటపడగలవని 1999లో దక్షిణాఫ్రికా పరిశోధకులు చూపారు.

శరీరంలోనే ఉన్న కణజాలం మరింత కష్టం. పై పొర కణాల కేంద్రకాల మీద ఒక్కసారే చెదిరి వెనక్కి వచ్చే కాంతి కొద్దిపాటిదే. మిగిలినది లోతుల్లో పలుమార్లు చెదిరి, ధ్రువణం పోగొట్టుకుని వస్తుంది. ఆ కాంతిని ధ్రువణం ఆధారంగా తీసివేస్తే మిగిలేది తరంగదైర్ఘ్యంతో పాటు ఎగుడుదిగుడులయ్యే సన్నని సంకేతం. ఆ ఎగుడుదిగుడుల ఎడాన్ని బట్టి కేంద్రకం వ్యాసం లెక్కకు వస్తుంది. క్యాన్సర్‌కు ముందు దశలో ఉబ్బేది ఆ కేంద్రకమే.