ఆ కుర్చీల కూసునేటోనికి బండ సంగతి ఎరుకేనా?

(మోత్కూర్‌లో కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



2016 దాకా మన మోత్కూర్ నల్లగొండ జిల్లా. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. జిల్లా మారింది గానీ బండ మారలేదు. ఈ బండనేలల బాయిలు తవ్వింది మనం. తూటా పేలి చెయ్యి పోయినా, క్రేన్ తాడు తెగి బొక్కెన మీద పడ్డా, పట్నంల బిల్డింగు మీదికెల్లి జారిపడ్డా పోయేది మన ప్రాణమే. పోయినంక ఏమైతది? పెద్దమనుషులు కూసుంటరు. కాంట్రాక్టరు ఇరవై వేలో ముప్పై వేలో చేతుల పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర ఏపిచ్చుకుంటడు. 'పోయినోడు తిరిగొస్తడా' అని అందరూ సర్దిచెప్తరు.

ఆ కాగితం చెల్లదు. పరిహారం హక్కును వదులుకున్నట్టు రాయించుకున్న ఏ ఒప్పందమూ చట్టం ముందు నిలవదు. చావు పరిహారం అధికారి దగ్గర జమ చేయాల్సిందే. మూడు నెలల జీతం దాకా ఇచ్చే అడ్వాన్సు తప్ప, ఇంటికొచ్చి చేతుల పెట్టింది పరిహారం కిందికి రాదు. రెండేండ్ల లోపల కేసు వేయొచ్చు. ప్రమాదం ఎక్కడో దూరదేశంలో జరిగినా ఇంటివాళ్లు ఉండే చోటనే కేసు వేసుకునే వీలు 1995 సవరణతో వచ్చింది. ఇవి మనం ఊరూరా చెప్పాలి.

కానీ ఇయ్యాల మేము మాట్లాడదల్చుకున్నది ఆ కేసు వినే కుర్చీ గురించి.

1923లో కార్మికుల నష్టపరిహార చట్టం చేసినప్పుడు, కేసులు తేల్చే కమిషనర్‌గా ప్రభుత్వం ఎవరినైనా నియమించవచ్చని రాసిన్రు. ఎవరినైనా! చదువు ఇంత ఉండాలని లేదు, అనుభవం ఇంత ఉండాలని లేదు. మన దగ్గర లేబర్ శాఖ అధికారులకే ఆ పని అప్పజెప్పిన మాట నిజమే. కానీ చట్టంలో మాత్రం తలుపు బార్లా తెరిచే ఉంది. అర్హత ఏందో చట్టంలో రాయడానికి 86 ఏండ్లు పట్టింది. 2009లో సవరణ చేసిన్రు, 2010 జనవరి 18 నుంచి అమలైంది. ఐదేండ్లు రాష్ట్ర న్యాయసేవలో పనిచేసి ఉండాలె, లేకుంటే ఐదేండ్లు వకీలుగా ఉండాలె, లేకుంటే సిబ్బంది నిర్వహణ, మానవ వనరులు, పారిశ్రామిక సంబంధాలు తెలిసిన గెజిటెడ్ అధికారిగా ఐదేండ్లు చేసి ఉండాలె. 2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. కమిషనర్ పేరు కాంపిటెంట్ అథారిటీ అయింది. ఈ ఐదేండ్ల షరతు అందులోకీ వచ్చింది.

మంచిదే. కాదంటలేము. కానీ ఆ మాటలు ఇంకోసారి చూడుండ్రి. సిబ్బంది నిర్వహణ అంటే ఏంది? కార్మికుల చేత పని ఎట్ల చేయించాలె అనే చదువు. కార్మికుడు ఎట్ల బతుకుతడు, ఎట్ల చస్తడు అనే ఎరుక అందులో ఎక్కడుంది?

ఎందుకు అడుగుతున్నమంటే, పరిహారం లెక్క ఇట్ల ఉంటది. చనిపోయినోని నెల జీతంల సగం తీసుకొని, వయసును బట్టి ఇచ్చిన అంకెతో గుణించాలి. 40 ఏండ్లోనికి ఆ అంకె 184.17. నెలకు 12,000 సంపాదించిండని అధికారి నమ్మితే 11,05,020 రూపాయలు. 'రసీదు ఏది, రిజిస్టర్ ఏది' అని 6,000 రాసిండనుకో, 5,52,510. సగానికి సగం పాయె! బాయిల దిగెటోనికి జీతం రసీదు ఎవడిస్తడు? రోజు కూలి ఎంత నడుస్తున్నదో తెలిసినోడు ఒక తీరు రాస్తడు, తెలువనోడు ఇంకో తీరు రాస్తడు.

హైకోర్టుకు పోదామంటరా? చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉంటేనే అప్పీలు. కూలి ఎంత, వయసెంత, పనిలో ఉండంగనే చచ్చిండా లేదా అనే సంగతులు చాలామటుకు కిందనే తేలిపోతయి. మనకు ఆ మొదటి కుర్చీయే ఆఖరి కుర్చీ. అందుకే అది ఎలక్షన్‌ల తిరిగినోనికి ఇచ్చే బహుమానం కాగూడదు. ఐదేండ్ల వకీలు పట్టా పార్టీ మనిషికీ ఉంటది. ఒక్క పట్టా చూసి మురిసిపోతే మోసపోతం.

అయితే ఒక మాట. రాజకీయ నియామకం అనంగనే అది చెడ్డదని మేము అనము. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌ల లేబర్ మెంబర్. అది రాజకీయ నియామకమే. కానీ ఆయనకు చదువూ ఉంది, కార్మికుల బతుకూ ఎరుకే. ప్రభుత్వం, యజమాని, కార్మికుడు ముగ్గురూ ఒక్క బల్ల కాడ కూసోవాలన్న పద్ధతిని ఆయన నిలబెట్టిండు. మనం అడిగేది ఆ రెండూ: చదువు, ఎరుక.

1948 కనీస వేతనాల చట్టం సలహా బోర్డుల్లో యజమానులకు ఎన్ని కుర్చీలో కార్మికులకూ అన్ని కుర్చీలు రాసింది. కూలి రేటు మాట్లాడే చోట మనకు కుర్చీ ఉంది. ప్రాణం రేటు కట్టే చోట లేదు. ఇదేం న్యాయం?

చట్టంల ఒక చిన్న తలుపుంది. విచారణలో ఉన్న సంగతి మీద ప్రత్యేక ఎరుక ఉన్నవాళ్లను అధికారి తనకు సాయంగా తీసుకోవచ్చు. 1923 నుంచీ ఉన్న మాట ఇది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ప్రత్యేక ఎరుక అంటే డాక్టరుకో ఇంజినీరుకో మాత్రమే ఉంటదా? బాయిల తూటా ఎట్ల పేలుతదో ముప్పై ఏండ్లు బండ కొట్టిన వడ్డెరాయన కన్నా ఎవలికి తెలుసు?

కాబట్టి మూడు పనులు పెట్టుకుందాం. ఆ కుర్చీల కూసున్నది ఎవరు, అర్హత ఏందని రాతపూర్వకంగా అడుగుదాం. ప్రతి చావు కేసులో మన బండ పనోణ్ని, మన కూలి అక్కను సాయంగా తీసుకోమని దరఖాస్తు పెడదాం. ఇంక తెల్లకాగితం మీద వేలిముద్ర వేయం.

వేలు మనది. ముద్ర ఎక్కడ వేయాల్నో మనమే చెప్పాలె.

జై భీమ్.