నర్సు కట్టవలసిన వేషం



ఉగాదినాడు పిచ్చాసుపత్రి ముచ్చటేమిటని తోచవచ్చును. ముందుగా ఆ ‘పిచ్చి’ అన్నమాటనే మన చాళ్ళనుండి సాగనంపవలె.

చీర కట్టినంతమాత్రాన స్థానం నరసింహారావుగారు సత్యభామ అయినారా? ఆ అలుక లోపలినుండి రావలె. “ఆ స్థితిలో నేనే ఉంటే?” అన్న ప్రశ్నను నటుల చేతికిచ్చినవాడు రష్యాలో స్తానిస్లావ్‌స్కీ. రోగీ ఎదుటివారూ పాత్రలు మార్చుకొని ఆడే పద్ధతిని వైద్యంలోనికి తెచ్చినవాడు మొరీనో అను వైద్యుడు.

నర్సులకు సాధన ఇట్లుండును. ఒకామె మంచంపై కూర్చుండును. ఇద్దరు ఆమెకు రాని భాషలో, ఆమె తలమీదుగా, ఆమెను గూర్చియే మాట్లాడుకొందురు. అయిదు నిమిషాలు చాలు! పిమ్మట అడుగవలె: నీ చేతులు ఏమి చేసినవి? ఎవరివంక చూచితివి?

నిజాం రాజ్యంనుండి కూలికి వచ్చిన కామాటీల పేరే కామాటిపురాకు నిలిచినది. అక్కడి అవ్వ ఒకతె, 1901లో వెలసిన ఠాణా మానసిక ఆసుపత్రిలో చేరినదనుకొనండి. మరాఠీ వచ్చినా, మనసు చెదిరినవేళ “నా కొడుకేడి బిడ్డా?” అనును. అది గొణుగుడుగా చీటీకెక్కితే ఆమె గతి యేమి?

వణుకునూ గొంతునూ అనుకరించుట మాత్రం కూడదు; అది వెక్కిరింత. ఆట ముగియగానే తన పేరు తాను చెప్పుకొని పాత్ర విడువవలె, లేకున్న ఆ బరువు ఇంటికి వచ్చును.

మనలో బాగోతం ఆడినవారు కలరు. నర్సింగు పాఠశాలలు పిలిస్తే, తెలుగే మాట్లాడే రోగి వేషానికి ఎవరు వత్తురు? రంగు అక్కరలేదు. సభ ముగిసిన తరువాత నాకు పేర్లియ్యండి.