కారు టైరు కొలత మార్చుటకు ముందు

(కంచరపాలెమున గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)

 

ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాల గల ఈ కంచరపాలెమునకు యంత్రముల ముచ్చట క్రొత్త గాదు. నేడు మన గ్రామములకును అది క్రొత్త గాదు. ఒకనాడు ఎడ్లబండి నిలిచిన వాకిట నేడు కారు నిలుచుచున్నది. అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చిన తల్లిని ఆసుపత్రికి చేర్చునది ఒక్కొక్కప్పుడు ఆ కారే. కావున దాని చక్రముల సంగతి యజమానికి మాత్రమే గాక గ్రామమునకంతకును సంబంధించినది.

ఇటీవల కొందరు యువకులు అందము కొరకు కారు టైర్ల కొలత మార్పించుచున్నారు. కొందరు వెడల్పు టైర్లను, మరికొందరు పెద్ద రిమ్ముపై పట్టీవలె కనిపించు టైర్లను కోరుచున్నారు. కోరుట తప్పు కాదు. లెక్క చూడకుండుట తప్పు.

టైరు ప్రక్కన 165/80 ఆర్ 14 అని ఉన్నదనుకొందము. 165 అనగా మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 80 పాళ్లు, అనగా 132 మి.మీ. ఆర్ అనగా రేడియల్. 14 అనగా రిమ్ము వ్యాసము, అంగుళములలో. అన్నియు కూడినచో చక్రము ఎత్తు సుమారు 620 మి.మీ. అగును.

దీనికి బదులు 185/65 ఆర్ 15 వేసినచో ఎత్తు సుమారు 622 మి.మీ.; తేడా స్వల్పము. 205/65 ఆర్ 15 వేసినచో 648కి చేరును. పెద్ద చక్రము ఒక్క చుట్టులో ఎక్కువ దూరము పోవునని బండి తోలిన వారందరు ఎరుగుదురు. వేగపు మీటరు చుట్లను మాత్రమే లెక్కించును. కనుక మునుపు సరిగా చూపిన మీటరే ఇపుడు 80 అని చూపుచుండగా, కారు సుమారు 84 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. మలుపు తిప్పినపుడు చక్రము లోపలి అంచులకు రాచుకొనుటయు కలదు.

ఇక 195/50 ఆర్ 16 వంటి టైరుకు ప్రక్కగోడ 98 మి.మీ. మాత్రమే. నున్నని రహదారిపై అది మలుపులలో స్థిరముగా నిలుచును. కాని గోతిలో పడినపుడు దెబ్బను ఓర్చుకొను గాలి మెత్త దానికి తక్కువ. రిమ్ము వంగును, ప్రక్కగోడ చీలును. చీలిన ప్రక్కగోడకు పంక్చరు అతుకు పనికిరాదు. పట్టణపు కారును చూచి పల్లెబాటలో నడుచు కారునకు అట్టి టైర్లు తొడుగుట, పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లే యగును.

కొలత ప్రక్కన మరియొక అంకె, అక్షరము ఉండును. 85 టి అనగా ఒక్కొక్క టైరు 515 కిలోల బరువును, గంటకు 190 కిలోమీటర్ల వేగమును తట్టుకొనగలదు. అచట 81 అంకె గల టైరు వేసినచో ఆ శక్తి 462 కిలోలకు తగ్గును. నిండుగా జనమును, బస్తాలను ఎక్కించునపుడు ఈ తగ్గుదల ప్రాణాపాయమునకు దారితీయవచ్చును.

చట్టమును గూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తారుమారగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది.

కావున మీరు మీ గ్రామ యువకులకు నాలుగు మాటలు చెప్పవలెనని కోరుచున్నాము. కారుతో వచ్చిన పుస్తకములోను, సాధారణముగా డ్రైవరు తలుపు అంచున అతికిన పట్టీలోను ఉన్న కొలతలనే ఎన్నుకొనవలెను. బరువు అంకె తగ్గనీయరాదు. ఒకే ఇరుసుపై రెండు కొలతలు కలుపరాదు. చక్రములు చల్లగా ఉన్నపుడే గాలి చూపించవలెను.

మీ వంతు పని యొకటి మిగిలియున్నది: గ్రామపు బాటలోని గోతులను పూడ్పించుట. ఏ కొలత టైరుకైనను, అందులో ప్రయాణించు తల్లికైనను అంతకు మించిన రక్షణ లేదు.