ఒడ్డున కాపలా ఇంకెన్నాళ్లు?

(మాదాపూర్‌లో జరిగిన స్త్రీల హక్కుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వికలాంగ స్త్రీల సమస్యల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఉద్యోగాల గురించీ, పెన్షన్ల గురించీ నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అందుకని నేను పడవ గురించి మాట్లాడతాను. పడవెక్కడం కూడా ఒక హక్కేనా అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి, కాని చివరిదాకా వినండి.

మనం కూర్చున్న చోటికి దగ్గర్లోనే దుర్గం చెరువుంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ చుట్టుపక్కల అద్దాల మేడలు లేచాయి. 2020లో చెరువు మీద తీగల వంతెన వచ్చింది. ఆ మేడల్లో ఒకదాంట్లో నా ఉద్యోగం. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ బలహీనపడ్డాయి. కాలిపర్లు వేసుకుని చంకకర్రలతో నడుస్తాను.

కొన్నేళ్ల కిందట మా ఆఫీసు వాళ్లం నగరంలో ఒక చెరువుకు విహారానికెళ్లాం. టికెట్లిచ్చే అతను నన్ను చూసి "మీరొద్దు మేడమ్, రిస్కు" అన్నాడు. నా తోటివాళ్లు ఒక్క క్షణం ఇబ్బంది పడ్డారు. తర్వాత అందరి బ్యాగులూ, ఫోన్లూ నా ఒళ్లో పెట్టి పడవెక్కారు. మంచివాళ్లే. ఐస్‌క్రీం కొనిచ్చి మరీ వెళ్లారు.

ఆ బ్యాగులు పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది భీమునిపట్నం దగ్గర ఒక జాలరి పేట. నాన్నా, చిన్నాన్నా వేటకెళ్లేవాళ్లు. అమ్మ గంపెత్తుకుని చేపలమ్మేది. నన్ను ఎండు చేపల దగ్గర కర్ర ఇచ్చి కాకుల్ని తోలడానికి కూర్చోబెట్టేవారు. సముద్రం వందడుగుల దూరంలో ఉండేది. చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, ఇంత దూరమొచ్చినా నాకిచ్చిన పని అదే. ఒడ్డున కాపలా.

"రిస్కు" అనే మాట ఆడవాళ్లందరికీ తెలిసిందే. రాత్రి డ్యూటీ వద్దు, ఒంటరి ప్రయాణం వద్దు, నీ మంచికే చెబుతున్నాం అంటారు. వికలాంగ స్త్రీకి ఈ మాట రెండింతలు వినపడుతుంది. అయితే నీళ్లలో ప్రమాదం లేదని నేననడం లేదు. 2017 నవంబరులో కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరులో గోదావరి వరదలో ఉండగా కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి సుమారు 50 మంది పోయారు. ఈ ప్రమాదాలకు ఎవరి వైకల్యమూ కారణం కాదు. అనుమతులూ, వాతావరణమూ పట్టించుకోకుండా పడవ వదిలినచోట కాళ్లున్నవాళ్లూ మునిగారు. భద్రత అంటే ముందుగా చేసుకునే ఏర్పాటు. మనిషిని ఒడ్డున వదిలేసి దానికి భద్రత అని పేరు పెడితే ఎలా?

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ వినోదం గురించి, 30వ సెక్షన్ క్రీడల గురించి ప్రభుత్వాల బాధ్యతను చెప్పింది. 3వ సెక్షన్ ప్రకారం, వైకల్యం కారణంగా ఎవరినైనా కాదంటే, న్యాయమైన లక్ష్యం కోసం, తగిన మేరకే కాదన్నామని చూపించాలి. అంటే "రిస్కు" అని ఒక్క మాట అనేస్తే సరిపోదు. ఏం రిస్కు, దాన్ని తగ్గించడానికి ఏం చేశారు అని మనం అడగవచ్చు.

అడిగేముందు నేనే తెలుసుకోవాలనుకున్నాను. ఇంగ్లండులో హిలరీ లిస్టర్ అనే ఆమె ఉండేది. మెడ కింద శరీరం కదలదు. నోటితో గొట్టాల్లోకి గాలి ఊది, పీల్చి తెరచాప పడవ నడిపింది. 2005లో ఒంటరిగా ఇంగ్లిష్ ఛానల్ దాటింది. 2009లో బ్రిటన్ చుట్టూ తిరిగొచ్చింది. అంత దూరం ఎందుకు, గ్వాలియర్‌కు చెందిన ప్రాచీ యాదవ్ నడుం కింద చచ్చుబడినా పడవ పందేల్లో పారాలింపిక్స్‌కు వెళ్లింది. 2023 ఆసియా పారా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఆమె సాధన చేసింది భోపాల్ చెరువులో. చెరువులు మనకూ ఉన్నాయి.

మా చిన్నాన్నకు ఫోను చేసి వేటకొస్తానన్నాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. "పడవలో కాళ్లతో పనేటే గుంటా? కూకుంటే సాల్దా?" అన్నాడు. ఇన్నేళ్లూ ఆ మాట ఎందుకనలేదు చిన్నాన్నా అంటే, "నువ్వడగలేదు కదే" అన్నాడు.

ఫిబ్రవరిలో వెళ్లాను, సముద్రం కాస్త నెమ్మదిగా ఉండే రోజులు. ముందు రెండు రోజులు గోస్తని నదిలో, నడుంలోతు నీళ్లలో లైఫ్ జాకెట్ పరీక్ష చేశాం. మొదటిసారి అది చెవుల దాకా ఎగదన్నింది, కాళ్లు ఒక పక్కకు తేలి మొహం నీళ్లలోకి తిరిగింది. కాళ్లలో పట్టు లేనివాళ్లకు ఇలా జరుగుతుంది. తల వెనక మెత్త ఉండి మొహాన్ని పైకి తిప్పే జాకెట్ కావాలి, తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ కావాలి. అందరికీ ఒకటే జాకెట్ అంటే కుదరదు. సముద్రంలో తెలుసుకోవాల్సిన విషయం కాదిది.

మూడో రోజు పొద్దున కాలిపర్లు విప్పేశాను. నీళ్లలో పడితే ఇనుము కిందికి లాగుతుంది. పడవ ఇసుక మీద ఉండగానే నన్నెక్కించి తర్వాత నెట్టారు. అప్పుడు చిన్నాన్న తాడు తెచ్చాడు, కెరటాలు దాటేదాకా కట్టేస్తానని. నేనొద్దన్నాను. ఆయనకు కోపమొచ్చింది. పడవ తిరగబడితే మీరందరూ ఈదుతారు, నేను దాంతోపాటే ఉండిపోతాను అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ తాడునే నేను పట్టుకునేట్టు పడవకు అడ్డంగా బిగించాడు. పడవ మధ్యలో, అడుగున, వీపు ఆనించి కూర్చున్నాను. కెరటాలు దాటాం. గేలం వేసి నాలుగు కానాగంతలు పట్టాను. అంతే జరిగింది. నాకు మాత్రం అది చాలా పెద్ద సంగతి.

ఆ తాడు సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. ప్రేమతోనే కట్టబోయాడు. మనిషినిగానీ, మనిషితో సహా చక్రాల కుర్చీనిగానీ పడవకు కట్టకూడదు. ఒరిగిపోకుండా బెల్టు తప్పనిసరైతే ఒక్క లాగుతో ఊడేది ఉండాలి. ఏది భద్రతో ఆ శరీరంలో బతికే మనిషిని అడగాలి.

ఇంకొన్ని సంగతులు. కాళ్లలో స్పర్శ లేనివాళ్లకు ఎండకు కాలిన ఇనుపరేకు తగిలినా తెలియదు, గట్టి చెక్క మీద గంటలు కూర్చుంటే పుండ్లు పడతాయి. మెత్త వేసుకోవాలి, మధ్యమధ్య బరువు మార్చుకోవాలి. వేళ్లలో స్పర్శ లేనివాళ్లు గేలం దారానికి చేతితొడుగు వేసుకోవాలి. వినపడనివాళ్లకు కేక బదులు చేతి సైగలు ముందే నిర్ణయించుకోవాలి. చూపులేనివాళ్లు ఎక్కగానే పడవంతా తడిమి తెలుసుకోవాలి. తిరిగొచ్చే వేళ ఒడ్డున ఒకరికి చెప్పి ఉంచాలి. మేం చిన్నమ్మకు చెప్పి, ఆ వేళకు రాకపోతే 1554కి, అంటే కోస్ట్ గార్డుకు, ఫోను చేయమని రాసిచ్చాం.

ఎవరూ చెప్పని సంగతొకటుంది. పడవలో మరుగు లేదని నేను ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగలేదు. ఎండలో కళ్లు తిరిగాయి. ఆడవాళ్లం బయటికెళ్లాలంటే దాహాన్ని చంపుకుంటాం. దీనికి పరిష్కారం ఒక డబ్బా, ఒక దుప్పటి, సిగ్గుపడకుండా ముందే మాట్లాడుకోవడం.

ఇది ఒక ఉద్యోగస్తురాలి సరదా అనుకునేరు. మా పేటలో యంత్రంలో చెయ్యి పోయిన కళాసీకి పడవలో చోటు పోతుంది, చోటుతోపాటు చేపల్లో పాలు పోతుంది. ఆ ఇంటి ఆడమనిషి గంప ఇంకొంచెం బరువవుతుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ప్రమాద బీమా కింద మరణానికీ, శాశ్వత పూర్తి వైకల్యానికీ 5 లక్షలు, పాక్షిక వైకల్యానికి రెండున్నర లక్షలు పెట్టారు. ఆ డబ్బు ముఖ్యమే. కాని ఆ మనిషి కూర్చుని చేయగల పని పడవలో ఏముందని ఎవరూ అడగరు. ఒడ్డునే వదిలేస్తారు.

తుపాను హెచ్చరికలూ అంతే. సముద్రం లేని ఈ నగరంలోనే, ప్రగతి నగర్‌లో, ఇన్‌కాయిస్ ఉంది. అలలు ఎంత ఎత్తున వస్తాయో జాలర్లకు చెప్పేది ఆ సంస్థే. 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కడి నుంచే వెళ్తాయి. ఇంత శాస్త్రం ఉన్నా మైకులో చెప్పింది వినపడని స్త్రీకి ఎలా చేరుతుంది? మెట్లున్న తుపాను షెల్టరులోకి నాలాంటిది ఎలా ఎక్కుతుంది? ప్రమాద సమయాల్లో సమాన రక్షణ ఇవ్వాలని అదే చట్టం 8వ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి పర్యాటక శాఖల వాళ్లను మనం అడగాల్సింది ఇది. రేవుల్లో మెట్లతోపాటు వాలుదారి, పడవలోకి జరగడానికి పలక, రకరకాల శరీరాలకు సరిపోయే జాకెట్లు, ఎలా ఎక్కించాలో నేర్చుకున్న సిబ్బంది ఉండాలి. కాదంటే ఎందుకు కాదంటున్నారో కాగితం మీద రాసివ్వాలి. తీరంలో పనిచేసే సంస్థల మిత్రులు తమ గ్రామాల్లో వికలాంగుల జాబితా రాసి, తుపాను వస్తే ఎవరు ఎవరిని తీసుకెళ్లాలో ముందే తేల్చాలి. ఆ జాబితా రాసేటప్పుడు ఆడవాళ్ల పేర్లు ఇంటివాళ్లు చెప్పరు, మీరే అడగాలి.

చివరగా ఒక చిన్న పని. ఈసారి మీ సంస్థ వాళ్లంతా కలిసి ఎక్కడికైనా వెళ్లినప్పుడు, బ్యాగులు ఎవరి ఒళ్లో ఉన్నాయో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.